చెట్లకు అవతల ఉన్న గూడేనికి వైఫై: దూరపు వైర్‌లెస్ లింకు పెట్టుకునే విధానం

ఈ పాఠం ఎవరికి?

మీ గ్రామ పంచాయతీ ఆఫీసు దాకా భారత్‌నెట్ ఫైబర్ వచ్చింది. కానీ మీ గూడెం, తండా లేదా శివారు వాడ అక్కడికి రెండు మూడు కిలోమీటర్ల దూరంలో ఉంది. మధ్యలో మామిడి తోటో, జామాయిల్ తోటో, టేకు అడవో అడ్డం. ఫోన్ సిగ్నల్ సరిగా ఉండదు. పెన్షన్ వేలిముద్ర పడాలన్నా, బ్యాంకు ఓటీపీ రావాలన్నా, పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తు పంపాలన్నా ఫోన్ పట్టుకుని గుట్ట ఎక్కాల్సి వస్తోంది.

ఇలాంటి చోట పీఎం-వాణి కింద వైఫై కేంద్రం పెట్టుకోవాలనుకునే కిరాణా కొట్టు వాళ్లు, మహిళా సంఘాల సభ్యులు, చదువుకున్న యువతీ యువకులు ఈ పాఠం చదవాలి. సామాను కొనక ముందే చదవాలి. చాలామంది ముందు రేడియోలు కొనేసి, తర్వాత చెట్ల సంగతి ఆలోచిస్తారు. అప్పటికి డబ్బు అయిపోయి ఉంటుంది.

ఒక్క మాటలో చెప్పాలంటే

వైర్‌లెస్ లింకును చెట్ల గుండా పంపాలని చూడకండి. చెట్ల మీదుగా పంపండి, లేదా పక్క నుంచి తిప్పండి, లేదా చెట్ల ముందే దింపి తోటలో కేబుల్ వేయండి. ఎండాకాలంలో పని చేసిందని సంబరపడకండి. వానాకాలంలో ఆకు నిండుగా ఉన్నప్పుడు, తడిసి ఉన్నప్పుడు పని చేస్తేనే అది లింకు.

1. పథకం సంగతి క్లుప్తంగా

• భారత్‌నెట్: గ్రామ పంచాయతీలకు ఫైబర్ వేసే కేంద్ర కార్యక్రమం. 2011లో జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ పేరుతో ఆమోదం పొందింది. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్, తెలంగాణలో టీ-ఫైబర్ ఈ పనిలో ఉన్నాయి.

• పీఎం-వాణి: 2020 డిసెంబర్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పబ్లిక్ వైఫై పథకం. దీని కింద కొట్టు పెట్టుకున్న ఎవరైనా పబ్లిక్ డేటా ఆఫీసు, అంటే పీడీవో కావచ్చు. పాత రోజుల్లో ఎస్టీడీ బూత్ లాంటిదే అనుకోండి. పీడీవోకు లైసెన్సు అక్కర్లేదు, టెలికాం శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఫీజు కట్టక్కర్లేదు. లాగిన్లు, లెక్కలు చూసే పెద్ద సంస్థను పీడీవోఏ అంటారు. రిజిస్ట్రేషన్ ఉండాల్సింది దానికి. మీరు ఏదో ఒక పీడీవోఏతో కలిసి పని చేయాలి.

• కనెక్షన్ ధర: పీడీవోలకు ఇచ్చే 200 ఎంబీపీఎస్ లోపు ఇంటి ఫైబర్ ప్లాన్లకు, మామూలు ఇంటి ధరకు రెండు రెట్లకు మించి తీసుకోకూడదని 2025 జూన్‌లో ట్రాయ్ ఆదేశం ఇచ్చింది. ఎవరైనా అంతకన్నా ఎక్కువ చెబితే ఈ సంగతి గుర్తు చేయండి.

• ఏ తరంగాలు వాడొచ్చు: 5 గిగాహెర్ట్జ్ బ్యాండులోని భాగాలను ఆరుబయట కూడా లైసెన్సు లేకుండా వాడుకునేలా 2018లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. దూరపు లింకులకు ఎక్కువగా వాడేది 5725 నుంచి 5875 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న భాగం. యాంటెన్నాతో కలిపి బయటికి వెళ్లే బలం 4 వాట్లు, అంటే 36 డీబీఎం దాటకూడదు. రేడియో సెట్టింగుల్లో దేశం దగ్గర ఇండియా అని పెట్టి, యాంటెన్నా బలం సరిగా నింపితే, ఈ హద్దును మామూలుగా రేడియోనే చూసుకుంటుంది.

2. చెట్టు సిగ్నల్‌ను ఏం చేస్తుంది?

ఆకులో నీళ్లుంటాయి. నీళ్లు రేడియో తరంగాన్ని తాగేస్తాయి. కొమ్మలు, రెమ్మలు తరంగాన్ని అటూ ఇటూ చెదరగొడతాయి. గాలి వీస్తే కొమ్మలు ఊగుతాయి కాబట్టి సిగ్నల్ కూడా పడుతూ లేస్తూ ఉంటుంది. వాన పడి ఆకు తడిస్తే నష్టం ఇంకా పెరుగుతుంది.

నష్టాన్ని డీబీల్లో కొలుస్తారు. లెక్క సులువే:

• 3 డీబీ పోతే సిగ్నల్ సగం అయినట్టు.
• 10 డీబీ పోతే పదో వంతు మిగిలినట్టు.
• 20 డీబీ పోతే నూరో వంతు మిగిలినట్టు.

ఇంజనీర్లు వాడే ఒక అంచనా సూత్రం ప్రకారం, 5.8 గిగాహెర్ట్జ్ తరంగం ఆకు నిండుగా ఉన్న పొడి చెట్ల గుండా వెళితే సుమారుగా ఇంత పోతుంది:

• 10 మీటర్ల మందం, అంటే ఒక పెద్ద మామిడి చెట్టు గుబురు: 7 డీబీ. మిగిలేది అయిదో వంతు.
• 30 మీటర్ల మందం: 16 డీబీ. మిగిలేది నలభయ్యో వంతు.
• 60 మీటర్ల మందం: 24 డీబీ. మిగిలేది 250లో ఒక వంతు.
• 100 మీటర్ల మందం: 33 డీబీ. మిగిలేది 2000లో ఒక వంతు.

ఇవి అంచనాలే. చెట్టు రకాన్ని బట్టి, ఆకు ఒత్తును బట్టి మారతాయి. అయినా అసలు సంగతి అర్థమవుతుంది. ఒకటి రెండు చెట్లు అడ్డమైతే ఏదోలా నెగ్గొచ్చు. తోట అడ్డమైతే నెగ్గలేం.

ఇక ఖాళీ మైదానంలో 3 కిలోమీటర్ల లింకు ఎలా ఉంటుందో చూడండి. అనుమతించిన పూర్తి బలంతో పంపి, అవతల 23 డీబీఐ డిష్‌తో అందుకుంటే సిగ్నల్ మైనస్ 58 డీబీఎం దగ్గర ఉండాలి. ఇది చాలా మంచి సిగ్నల్. దారిలో 60 మీటర్ల తోట వస్తే అదే మైనస్ 82కు పడిపోతుంది. అంటే లింకు ఉన్నా లేనట్టే.

3. కళ్లకు కనిపిస్తే చాలదు

"అవతలి డాబా కనిపిస్తోంది కదా, ఇంకేం కావాలి?" అని చాలామంది అంటారు. తరంగం దారం లాగా సన్నగా వెళ్లదు. రెండు కొనలూ సన్నగా, నడుమ లావుగా దొండకాయ ఆకారంలో వెళుతుంది. ఈ దొండకాయను ఫ్రెనెల్ జోన్ అంటారు. చూపు గీత నుంచి దొండకాయ అంచు దాకా ఉన్న దూరంలో కనీసం 60 శాతం ఖాళీగా ఉండాలి.

5.8 గిగాహెర్ట్జ్ లింకుకు సరిగ్గా మధ్య దారిలో, చూపు గీతకు కింద ఉండాల్సిన ఖాళీ ఇది:

• 1 కిలోమీటరు లింకు: 2.2 మీటర్లు
• 3 కిలోమీటర్ల లింకు: 3.7 మీటర్లు
• 5 కిలోమీటర్ల లింకు: 4.8 మీటర్లు
• 10 కిలోమీటర్ల లింకు: 6.8 మీటర్లు

అంటే 3 కిలోమీటర్ల లింకులో నడి దారిన ఉన్న చెట్టు కొస చూపు గీతకు ఒక మీటరు కిందే ఉన్నా, అది అడ్డమే. పక్కల నుంచి పొడుచుకొచ్చే కొమ్మలకూ ఇదే లెక్క.

చెట్లు పెరుగుతాయన్న సంగతి కూడా మరచిపోవద్దు. సరుగుడు, జామాయిల్ లాంటివి ఏడాదిలో రెండు మూడు మీటర్లు పెరగగలవు. ఈ ఏడాది చెట్ల మీద నుంచి వెళ్లిన లింకు వచ్చే ఏడాదికి చెట్లలో ఇరుక్కుంటుంది. ఆ తోట ఎవరిదో, ఎప్పుడు నాటారో, ఎప్పుడు కొడతారో రైతును అడిగి తెలుసుకోండి.

4. కొనే ముందు కొలవండి

ఈ కొలతలకు డబ్బు ఖర్చు లేదు. ఇద్దరు మనుషులు, ఒక రోజు చాలు.

మొదట పంచాయతీ ఆఫీసుకు వెళ్లి ఫైబర్ అసలు పని చేస్తోందా చూడండి. గోడకున్న పెట్టెలో పాన్ దీపం పచ్చగా నిలకడగా ఉండాలి. లాస్ అనే దీపం ఎర్రగా వెలుగుతుంటే ఫైబర్‌లో సిగ్నల్ లేనట్టు. అది బాగుచేయించే దాకా మీ వైపు రూపాయి కూడా పెట్టకండి. కరెంటు పోతే ఆ పెట్టెకు బ్యాటరీ ఉందా అని కూడా అడగండి.

రెండోది దూరం. ఫోన్ మ్యాపులో రెండు చోట్లా పిన్ను పెట్టి దూరం కొలవండి. రోడ్డు మీది దూరం కాదు, నేరుగా ఉండే దూరం కావాలి. మధ్యలో ఏమేం తోటలున్నాయో శాటిలైట్ బొమ్మలో చూడండి. ఒక జాగ్రత్త ఏమిటంటే, మ్యాపు నేల ఎత్తు చెబుతుంది గానీ చెట్టు ఎత్తు చెప్పదు. అందుకే ఆ దారిన నడిచి చూడాల్సిందే.

మూడోది చెట్ల ఎత్తు. దీనికి నీడ లెక్క చాలు. ఒక మీటరు కర్రను నిలువుగా పాతి దాని నీడ కొలవండి. అదే సమయానికి చెట్టు నీడ కొలవండి. కర్ర నీడ ఒకటిన్నర మీటర్లు, చెట్టు నీడ 18 మీటర్లు ఉంటే చెట్టు ఎత్తు 12 మీటర్లు. దారిలో అన్నిటికన్నా ఎత్తైన చెట్టును కొలవండి.

నాలుగోది చూపు. ఎండ బాగా ఉన్నప్పుడు ఒకరు పంచాయతీ డాబా మీద, ఇంకొకరు గూడెంలో ఎత్తైన డాబా మీద నిలబడండి. ఒకరు ముఖం చూసుకునే అద్దంతో ఎండను అవతలి వైపు కొట్టాలి. మెరుపు కనిపించకపోతే చూపు లేనట్టే. కనిపిస్తే సగం పరీక్ష పాసైనట్టు. మిగతా సగం పైన చెప్పిన ఖాళీ లెక్క.

5. మూడు దారులు: ఒక ఉదాహరణ

ఇలా అనుకుందాం. పంచాయతీ ఆఫీసు రెండంతస్తుల డాబా. పైన పైపు పెడితే రేడియో 10 మీటర్ల ఎత్తులో ఉంటుంది. గూడెంలో బడి మీద పైపు పెడితే 7 మీటర్లు. మధ్య దూరం 3 కిలోమీటర్లు. నేల చదును. ఇద్దరి మధ్యా వరి పొలాలు, గూడేనికి 300 మీటర్ల ముందు మాత్రం 60 మీటర్ల మందం మామిడి తోట. చెట్ల ఎత్తు 12 మీటర్లు.

ఇప్పుడు చూపు గీత తోట దగ్గర 7.3 మీటర్ల ఎత్తులో వెళుతుంది. అంటే నేరుగా గుబురులోకి దూరిపోతుంది. పని చేయదు. ఏం చేయాలి?

మొదటి దారి: చెట్ల మీదుగా. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, పంచాయతీ వైపు స్తంభం ఎత్తు పెంచుతారు. అక్కడ 10ని 18 మీటర్లకు పెంచినా తోట దగ్గర గీత లేచేది 80 సెంటీమీటర్లే. అదే గూడెం వైపు 18 మీటర్ల స్తంభం వేస్తే తోట దగ్గర గీత 17.2 మీటర్లకు లేస్తుంది. ఆ చోట కావాల్సిన ఖాళీ 2.2 మీటర్లు. 12 మీటర్ల చెట్టు మీద అది కలిపితే 14.2. ఇంకా మూడు మీటర్లు చెట్ల పెరుగుదలకు మిగులుతుంది.

గుర్తుంచుకోండి: చెట్టు ఏ కొనకు దగ్గరగా ఉందో ఆ కొననే ఎత్తు పెంచాలి.

కానీ 18 మీటర్ల స్తంభం చిన్న పని కాదు. పునాది, మూడు వైపులా లాగి కట్టే తీగలు, పిడుగు రక్షణ అన్నీ కావాలి. గూడెంలో ఓవర్‌హెడ్ వాటర్ ట్యాంకు ఉంటే పంచాయతీ అనుమతితో దాని మీద పెట్టడం మేలు.

రెండో దారి: పక్క నుంచి తిప్పడం. రెండు చోట్లకూ కనిపించే గుట్టో, బడి డాబానో, ట్యాంకో పక్కన ఉందేమో చూడండి. అక్కడ మజిలీ పెట్టి రెండు చిన్న లింకులు చేయండి. ఒకే రేడియోతో అందుకుని అదే రేడియోతో పంపితే వేగం సగానికి పడిపోతుంది. అందుకని మజిలీలో రెండు రేడియోలు వేరువేరు ఛానళ్లలో పెట్టాలి. గుట్ట మీద కరెంటు ఉండదు కాబట్టి సోలార్ కావాలి. సామానుకు కాపలా కూడా ఆలోచించుకోవాలి.

మూడో దారి: చెట్ల ముందే దింపడం. ఇది చాలామందికి తట్టదు గానీ ఇలాంటి చోట తరచుగా ఇదే తక్కువ ఖర్చు. రేడియోను గూడెంలో కాకుండా తోటకు ఇవతల, పొలం గట్టున ఆరు మీటర్ల పైపు మీద పెట్టండి. అక్కడి నుంచి పంచాయతీ దాకా అంతా వరి పొలాలే కాబట్టి గాలిలో దారి శుభ్రంగా ఉంటుంది. మిగిలిన నాలుగు వందల మీటర్లు తోట గట్టు వెంట సన్నటి డ్రాప్ ఫైబర్ వేయండి. రెండు చివర్లా ఒక్కో మీడియా కన్వర్టర్ పెడితే సరిపోతుంది. ఫైబర్‌కు ఆకుతో, వానతో సంబంధం లేదు. మామూలు ల్యాన్ కేబుల్ మాత్రం వద్దు, అది 100 మీటర్లు దాటితే పని చేయదు. తోట రైతును ముందే అడిగి, కేబుల్ ఎక్కడ వేశారో చూపించండి. లేకపోతే దున్నేటప్పుడు తెగుతుంది.

చెట్ల గుండానే పంపక తప్పకపోతే? అడ్డం ఒకటి రెండు చెట్లే అయితే పెద్ద డిష్ పెట్టుకోండి. 23 డీబీఐ బదులు 30 డీబీఐ డిష్ పెడితే అందుకునేటప్పుడు 7 డీబీ ఎక్కువ వస్తుంది. ఒక చెట్టు తినేది దాదాపు అంతే. పంపేటప్పుడు మాత్రం 36 డీబీఎం హద్దు దాటకుండా రేడియో బలం తగ్గించాలి. అంతకన్నా ఎక్కువ చెట్లుంటే ఈ దారి వదిలేయండి.

6. ఏ సామాను కావాలి?

• 5 గిగాహెర్ట్జ్ ఆరుబయట రేడియోలు ఒక జత, డిష్‌తో కలిపి. పెట్టె మీద లేదా కాగితాల్లో డబ్ల్యూపీసీ ఈటీఏ ఆమోదం ఉందేమో అడగండి.
• ఆరుబయట వాడే క్యాట్-6 కేబుల్. ఇంట్లో వాడే కేబుల్ ఎండకు ఏడాదిలోనే పగిలిపోవచ్చు.
• పీవోఈ అడాప్టర్లు. ఇవి ల్యాన్ కేబుల్‌లోనే కరెంటు పంపుతాయి కాబట్టి స్తంభం పైకి వేరే కరెంటు తీగ అక్కర్లేదు.
• సర్జ్ ప్రొటెక్టర్లు, ఎర్త్ రాడ్, ఎర్త్ తీగ.
• గూడెంలో జనం వాడుకునే వైఫై పెట్టె. ఇది పీడీవోఏ చెప్పిన రకమే కొనండి.
• బ్యాటరీ. రేడియో, వైఫై పెట్టె కలిపి 15 వాట్లు తీసుకుంటాయనుకుంటే రోజుకు 360 వాట్-అవర్లు. 12 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీని సగం వరకే వాడుకున్నా ఒక రోజున్నర నడుస్తుంది. కరెంటు లేని చోట 150 వాట్ల సోలార్ పలక ఎండ ఉన్న రోజు దీనికి సరిపోతుంది. ముసురు పట్టే రోజుల కోసం ఇంకొక పలక ఉంటే మంచిది.

7. గురి పెట్టడం

రెండు రేడియోలనూ ముందు ఒకే గదిలో పక్కపక్కన పెట్టి, సెట్టింగులు చేసి, కలుస్తున్నాయని చూసుకున్నాకే పైకెక్కించండి. పైకెక్కాక సెట్టింగుల కోసం తంటాలు పడటం ప్రమాదం.

ఒక కొనను సుమారుగా గురిపెట్టి బిగించండి. రెండో కొనను కొద్దికొద్దిగా ఎడమ నుంచి కుడికి తిప్పుతూ సిగ్నల్ అంకె చూడండి. మైనస్ తర్వాతి అంకె ఎంత చిన్నదైతే అంత మంచిది. అంకె బాగుపడి, మళ్లీ పాడయ్యే దాకా తిప్పి, వెనక్కి తెచ్చి మధ్యలో ఆపండి. తర్వాత పైకి, కిందికి ఇదే విధంగా. తర్వాత మొదటి కొనకు వెళ్లి అక్కడా ఇదే చేయండి.

అంకెల అర్థం:

• మైనస్ 50 నుంచి 65 వరకు: బాగుంది.
• మైనస్ 65 నుంచి 72 వరకు: నడుస్తుంది, వానకు ఇబ్బంది పడొచ్చు.
• మైనస్ 80 దాటితే: నమ్ముకోవద్దు.

లెక్క ప్రకారం మైనస్ 58 రావాలి, మీకు మైనస్ 75 వస్తోంది అనుకోండి. "ఏదో వస్తోంది కదా" అని వదిలేయకండి. డిష్ పక్క చూపులో బిగిసి ఉండొచ్చు, లేదా దారిలో ఏదో అడ్డం ఉండొచ్చు. మళ్లీ వెతకండి.

8. అసలు పరీక్ష వానాకాలమే

టేకు, మోదుగ లాంటి చెట్లు వేసవి ముందు ఆకు రాలుస్తాయి. మార్చిలో ఆ అడవి గుండా పెట్టిన లింకు బ్రహ్మాండంగా కనిపిస్తుంది. జులైకల్లా కొత్త ఆకు నిండుగా వచ్చి, దాని మీద వాన పడి, అదే లింకు చచ్చిపోతుంది. అప్పటికి జనం రీచార్జి కట్టి ఉంటారు, మాట పడేది మీరు.

అందుకే రెండు పనులు చేయండి. మొదటిది, ఎండాకాలంలో కొలిచేటప్పుడు మోడు చెట్టును కూడా ఆకు ఉన్న చెట్టుగానే లెక్కించండి. రెండోది, ఒక నోటు పుస్తకం పెట్టుకుని వారానికోసారి సిగ్నల్ అంకె, ఆ రోజు వాన, గాలి రాసుకోండి. అంకె నెలనెలా మెల్లగా పడిపోతుంటే కొమ్మ పెరుగుతోందని అర్థం. ఒక్కసారిగా పడిపోతే డిష్ కదిలిందనో, కేబుల్ జాయింటులో నీరు చేరిందనో అర్థం. ఈ పుస్తకం చూపిస్తే బాగుచేయడానికి వచ్చిన మనిషికి సగం పని తగ్గుతుంది.

9. ప్రాణం ముందు, వైఫై తర్వాత

ఈ భాగం ఎవరూ దాటేయవద్దు.

• ఇనుప పైపు నిలబెట్టేటప్పుడు కరెంటు తీగ మీద పడితే పట్టుకున్న వాళ్లందరి ప్రాణాలూ పోతాయి. పైపు ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరంలోపు ఏ కరెంటు తీగా ఉండకూడదు. ఆరు మీటర్ల పైపుకు తొమ్మిది మీటర్లు. తప్పనిసరైతే 1912కు ఫోన్ చేసి, లైన్ ఆపించాకే పని మొదలుపెట్టండి.
• తొమ్మిది మీటర్లు దాటిన స్తంభం పని అనుభవం ఉన్న వాళ్లకే అప్పగించండి. బెల్టు లేకుండా ఎవరినీ ఎక్కనివ్వకండి.
• మబ్బు పట్టినా, ఉరుము వినబడినా కిందికి దిగిపోండి. స్తంభానికి ఎర్త్ తప్పనిసరి.
• తాటి చెట్టుకో, కొబ్బరి చెట్టుకో రేడియో కట్టకండి. గాలికి చెట్టు ఊగితే గురి తప్పుతుంది. పిడుగు కూడా ఎత్తైన చెట్టునే వెతుక్కుంటుంది. పైగా కల్లు గీసే వాళ్లకు అది అడ్డం.

10. అనుమతులు

స్తంభం, ట్యాంకు, బడి డాబా దేనికైనా గ్రామ పంచాయతీ నుంచి, సంబంధిత శాఖ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. నోటి మాట సర్పంచ్ మారితే మారిపోతుంది.

చెట్టు నరకడం గురించి తొందరపడకండి. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం సొంత పొలంలోని చాలా చెట్లకు కూడా అనుమతి కావాలి. అటవీ భూమిలో కొమ్మ కొట్టినా కేసు అవుతుంది. ఒక మామిడి చెట్టు ఒక కుటుంబానికి ఏటా వచ్చే రాబడి కూడా. స్తంభం మూడు మీటర్లు పెంచితే తీరే పనికి చెట్టును బలిపెట్టవద్దు.

11. తరచుగా అడిగే ప్రశ్నలు

2.4 గిగాహెర్ట్జ్ అయితే చెట్లలోంచి బాగా వెళుతుందంటారు. నిజమేనా?
కొంచెం నిజం. 30 మీటర్ల చెట్లలో 5.8కి 16 డీబీ పోతే 2.4కి 13 డీబీ దాకా పోతుంది. 100 మీటర్ల తోటకు ఏదీ చాలదు. పైగా 2.4లో దొండకాయ ఇంకా లావుగా ఉంటుంది, 3 కిలోమీటర్లకు 5.8 మీటర్ల ఖాళీ కావాలి. ఇళ్లలోని వైఫైలన్నీ అందులోనే ఉండటంతో రద్దీ కూడా ఎక్కువ.

అమెరికాలో 900 మెగాహెర్ట్జ్ రేడియోలు చెట్లలోంచి పని చేస్తాయని వీడియోలో చూశాం. తెప్పించుకోవచ్చా?
వద్దు. అక్కడ ఆ బ్యాండు లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. మన దేశంలో 900 బ్యాండు మొబైల్ కంపెనీలది. వాడితే చట్ట విరుద్ధం, చుట్టుపక్కల ఫోన్లకూ అంతరాయం. మన దగ్గర లైసెన్సు లేకుండా ఉన్నది 865 మెగాహెర్ట్జ్ దగ్గరి చిన్న ముక్క. అది బోరు మోటారు ఆన్ చేయడానికి, నీటి మట్టం పంపడానికి సరిపోతుంది గానీ ఇంటర్నెట్‌కు చాలదు.

బలం పెంచే బూస్టర్ పెడితే సరిపోదా?
సరిపోదు. 4 వాట్ల హద్దు దాటితే తప్పు. పైగా మాట రెండు వైపులా నడవాలి. ఒక వైపు అరిచినంత మాత్రాన అవతలి వాళ్ల మాట మనకు వినబడదు కదా.

అమ్మే అతను 15 కిలోమీటర్లు పని చేస్తుందన్నాడు. మాకు మూడే కదా?
ఆ 15 కిలోమీటర్లు అడ్డం లేని దారికి చెప్పిన మాట. మీ తోట ఫొటో చూపించి, "దీని అవతలికి పని చేయకపోతే వెనక్కి తీసుకుంటారా?" అని అడగండి. ఒప్పుకుంటే బిల్లు మీద రాయించుకోండి.

12. కొనే ముందు టిక్కు పెట్టుకోండి

☐ పంచాయతీ ఆఫీసులో ఫైబర్ పని చేస్తోంది
☐ నేరు దూరం కొలిచాం
☐ దారిలో నడిచి ఎత్తైన చెట్టు కొలిచాం
☐ అద్దం మెరుపు కనిపించింది
☐ చెట్టు కొస మీద కావాల్సిన ఖాళీ, పెరుగుదలకు అదనం లెక్కేశాం
☐ మీదుగానా, పక్క నుంచా, ముందే దింపడమా, నిర్ణయించుకున్నాం
☐ కరెంటు తీగల దూరం చూశాం
☐ రాతపూర్వక అనుమతులు వచ్చాయి
☐ పీడీవోఏతో మాట్లాడాం, ఈ వైర్‌లెస్ లింకు సంగతి చెప్పాం

తొమ్మిదీ టిక్కు పడ్డాకే డబ్బు బయటికి తీయండి. ఒక్కటి పడకపోయినా ఆగండి. ఆగితే పోయేది నెల రోజులే, తొందరపడితే సంఘం పొదుపు డబ్బు పోతుంది.

మీ పంచాయతీలో ఇలాంటి గూడేలు ఇంకా ఉంటే ఈ పీడీఎఫ్‌ను వాళ్లకూ పంపండి. చదవడం రాని వాళ్లకు చదివి వినిపించండి, ముఖ్యంగా తొమ్మిదో భాగం.